తల ఊపితే ఒక ఓటు

మూసారాంబాగ్ వంతెన మీదికి నీళ్లొచ్చిన మర్నాడు
కార్పొరేటర్ ఆఫీసులో వరుసలో నిలబడ్డాను.
చేతిలో నాలా గురించి అర్జీ. ముందు పదకొండు మంది.
కుర్చీలో ఎవరూ లేరు, కుర్చీ మీద తువ్వాలుంది.
"తువ్వాలుంటే సారు ఉన్నట్టేనమ్మా" అంది
వెనకాల నిలబడ్డ యాదమ్మ.

నవ్వొచ్చింది. అక్కడా అంతే.
వెస్ట్‌మినిస్టర్‌లో పచ్చ బెంచీ మీద
ప్రార్థన చీటీ పెడితే ఆ చోటు వాళ్లది.
దేవుడితో పెద్ద పని లేనివాళ్లు కూడా
చీటీ కోసం పొద్దున్నే వచ్చేవాళ్లు.

పందొమ్మిదేళ్లు నేనక్కడ విప్‌ల గదిలో గుమాస్తాని.
విప్ అంటే కొరడా అని ఫోన్లో చెబితే
"ఎడ్లబండి నౌకరీనా బిడ్డా" అన్నాడు మా చిన్నాయన.
కాదనలేకపోయాను.

ఎవరి భార్య ఏ ఆస్పత్రిలో ఉందో
ఎవరి అప్పు ఏ బ్యాంకులో మురుగుతోందో
ఎవరు రెండో గ్లాసు దగ్గర నిజం చెబుతారో
అన్నీ నా నోటుబుక్కులో.
పేర్లు ఇంగ్లీషులో, సంగతులు తెలుగులో.
అంత పెద్ద భవనంలో
అది చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే.
రేషన్ కార్డు మీద వేలు పెట్టించి
అమ్మ నేర్పిన అక్షరాలు
అక్కడ తాళంకప్ప అయ్యాయి.

ఒక మార్చి రాత్రి రెండు ఓట్లు తక్కువ పడ్డాయి.
జెరాల్డ్ హెబ్డన్‌ని అంబులెన్సులో తెచ్చారు.
ఆవరణలోకి వస్తే చాలు, మెట్లెక్కనక్కర్లేదు,
మనిషి బతికున్నాడని రెండు పక్షాలూ చూస్తే
ఓటు పడ్డట్టే.
రాసిపెట్టుకోని రాజ్యాంగం వాళ్లది,
అలవాట్ల మీద నిలబడ్డ ఇల్లు.
గొడుగు పట్టుకుని నేనే వెనక తలుపు తీశాను.
"ఏ బిల్లు?" అన్నాడాయన.
చెప్పలేదు. టైము లేదనుకున్నాను.
నిజానికి నాకు తెలిసింది క్లాజుల నంబర్లే.
తల కదిలింది.
దగ్గుకి కదిలిందో, ఒప్పుకునే ఊపాడో.
అవతలి పక్షం మనిషి నా మొహం చూశాడు.
నేను అవునన్నాను.

ఒక్క ఓటుతో గెలిచాం.
నడవలేనివాళ్ల భత్యం కోసిన చట్టం అది.
వేసవికి హెబ్డన్ పోయాడు. ఉపఎన్నిక.
చర్చి హాల్లో శనివారం వాళ్లు జనాన్ని కలిసేదాన్ని
సర్జరీ అంటారు.
కత్తీ లేదు, మత్తూ లేదు.
ఒకాయన కట్టుడు కాలు విప్పి బల్ల మీద పెట్టి
"దీన్ని కూడా రాసుకో" అన్నాడు.
రాసుకున్నాను. తెలుగులో.

లెక్కింపు రాత్రి మూడింటికి
ఓడిన మా అభ్యర్థి స్టేజీ మీద,
పక్కన నెత్తిన బకెట్ బోర్లించుకున్న అభ్యర్థి.
బకెట్టాయనకి నలభై ఆరు ఓట్లు.
ఇద్దరూ గెలిచినామెకి చప్పట్లు కొట్టారు.
ఆ దేశంలో నాకు నచ్చింది ఆ ఒక్క నిమిషం.

కోఠీలో, నిజాం డబ్బుతో
తెల్లదొర కట్టించుకున్న రెసిడెన్సీలో బీయే చదివాను.
రాతి సింహం పక్కన టిఫిన్ డబ్బా విప్పేదాన్ని.
ఆ మేడలో ఎవరెవరు గుసగుసలు రాసి పంపారో
ఏ గుమాస్తా ఏ భాషలో దాచుకున్నాడో
అప్పుడు తోచలేదు.
ఇప్పుడు బస్సు అటు మళ్లితే
కిటికీలోంచి అవతలి వైపు చూస్తాను.

తువ్వాలు లేచింది. సారు వచ్చాడు.
"ఎవరి మనిషివమ్మా?"
ఒకప్పుడైతే ఠక్కున చెప్పేదాన్ని.
అర్జీ ఇచ్చాను. చెవి దగ్గర ఫోను,
కాగితం మీద చూపు లేదు,
తల కొంచెం కదిలింది.
"ఊ అన్నడా?" యాదమ్మ నా మొహం చూసింది.
మోకాళ్ల దాకా ఆమె చీర ఇంకా తడిగానే ఉంది.

"తెలీదు" అన్నాను.
"సార్, ఏం రాసుందో చదివి వినిపిస్తాను,
తర్వాత సంతకం చెయ్యండి."
గది కొంచెం నిశ్శబ్దమైంది.
చదివాను, నాలా, గోడ, ముప్పై రెండు ఇళ్లు,
ఒక్కో పేరూ బయటికి.

పెన్ను ఇచ్చాను. తడిసిందేమో, పడలేదు.
వరుసలోంచి ఎవరో ఇంకోటి అందించారు.