పాత పద్ధతి

ఫిబ్రవరికే కర్నూలు మాడిపోతోంది.
పార్కు రోడ్డులో మేడ మీద గది.
ఫ్యాను గాలికి లేచే మా కాగితాల మీద
ఆడిటరు గారి కళ్లజోడు డబ్బా బరువు.

"పాత పద్ధతా అమ్మా, కొత్త పద్ధతా?"
రంగశెట్టి గారు అడిగింది పన్ను గురించే.
ఓబులేసు నా వైపు చూశాడు,
నేను గోడ మీది క్యాలెండరు వైపు.
తొమ్మిదేళ్లుగా ఒకటే గ్యాసు బండ మాది.
తాళి లేదు. రిజిస్టరాఫీసులో సంతకమూ లేదు.
బుధవారపేటలో ఇల్లడిగినప్పుడు మాత్రం
"పెళ్లై చానా రోజులైంది" అంటాం,
ఆ మాటకు వేరే అద్దె లేదు కాబట్టి.

"పాతదే సార్" అన్నాను.
కొత్తదాంట్లో పిల్లల ఫీజుకు మినహాయింపు లేదంట.

రసీదు తీశాను.
బడివాళ్లు తండ్రి పేరొక్కటే రాసినారు.
కట్టింది ఇద్దరం. మొదటి కిస్తీ నాది:
కాన్పుల వార్డులో రాత్రిళ్లు మేలుకుని
ఊరందరి బిడ్డల్నీ ఒడిసిపట్టిన డబ్బు.
రెండోది అతని కాలేజీ జీతం, ఆలస్యంగా వచ్చిందే.

"పాపను ఎవరు చూపించుకుంటారు?"
ఆయన భాషలో అదొక గడి, అంతే.
నాకు మా అమ్మ గొంతు వినబడింది.
ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేసి
"ఆ పిల్ల అన్నం తినిందా" అంటాది గానీ
నీ పిల్ల అనదు.
ఓబులేసు నాయన అయితే
ఇంటిపేరు మాదే ఉండాల అన్నాడు,
ఒక్కసారీ ఎత్తుకోకుండానే.

"నువ్వు రాసుకో, నీకే పన్ను ఎక్కువ."
"నువ్వే రాసుకో, కన్నది నువ్వు."
మా మాటలకు శెట్టిగారు నవ్వలేదు.
"ఎవరు కట్టింది వాళ్లు రాసుకోండి.
పెళ్లి కాగితం ఈ సెక్షన్ అడగదు" అన్నాడు,
కుండలో నీళ్లున్నాయి ముంచుకోండి అన్నంత మామూలుగా.
నాకెందుకో గొంతు పట్టుకుంది.
నిజంగానే లేచి నీళ్లు తాగొచ్చాను.

బెంచీ మీద తుంగ
రసీదు జిరాక్సు వెనక భాగహారం చేస్తాంది, నాలుక బయటపెట్టి.
ముప్పై ఏడు వేల ఐదు వందల ఒకటి, రెండుతో.
ఆ పైన ఒక్క రూపాయి ఏందో!
బడివాళ్లు పెళ్లి చదివింపులనుకున్నారేమో.

"శేషం ఒకటి వచ్చింది.
అమ్మా, ఈ ఒకటి ఎవురిది?"

"దాన్నొదిలెయ్ పాపా,
చివర్లో పదులకు సర్దేస్తాది కంప్యూటరు."

నేను ఒదల్లేదు. నా లెక్కలో రాయించుకున్నాను.
ఆ రూపాయి నాది గదా అని
మెట్లు దిగేదాకా సణిగాడు ఓబులేసు.

కింద బండి సీటు కాలిపోతోంది.
చున్నీ తడిపి పరిచాను.
మధ్యలోకి ఎక్కి, మోచేతులతో
ముందొకరినీ వెనకొకరినీ నెట్టి
"జరగండి" అంది తుంగ,
"నాకు చోటు చాల్లేదు."