చట్రం వెనక

బొమ్మలకి చట్రాలు బిగించడం నా పని.
న్యూమార్కెట్ పెద్దవీధిలో, జీన్లు కుట్టేవాళ్ళ కొట్టు పక్కన
నలభై మూడేళ్ళుగా ఇదే బల్ల, ఇదే జిగురు కుండ.
అందరూ బొమ్మని ముందు నుంచి చూస్తారు.
నేను వీపు వైపు నుంచి చూసినవాణ్ణి.

థర్‌గుడ్‌ల ఇంట్లో ఒక్కో బొమ్మకి నాలుగు జతల చేతులు.
గుర్రం పెద్దాయనది, ఒబడయాది.
మెడ కింద నరం దగ్గరికొచ్చేసరికి
ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టాల్సిందే.
వేటగాళ్ళ ఎర్ర కోట్లూ, బూట్ల మెరుపూ జెత్రోవి.
అప్పులవాడి ముఖాన్నయినా అందంగా దిద్దగలడు.
కుక్కలు లాంబర్ట్‌వి.
నలభై వేటకుక్కల్నీ పేరు పెట్టి పిలిచేవాడు,
సొంత పిల్లల పేర్ల దగ్గర తడుముకునేవాడు.
ఇక మిగిలినవి గడ్డి, బురద, ఆకాశం, గిట్టలు.
అవి టాబితావి.
మూలన సంతకం మాత్రం ఒకటే: థర్‌గుడ్.

"గిట్టలు రానివాడు గడ్డి ఏపుగా పెంచుతాడు"
అని నవ్వేవాడు పెద్దాయన, పక్క ఊరివాళ్ళ బొమ్మలు చూసి.
ఆయన బొమ్మల్లో గడ్డి ఎప్పుడూ పొట్టిదే.
అది కూతురి చేతి మీద ధీమా.

ఒకసారి వాళ్ళింట్లో కొలతలు తీసుకుంటూ విన్నాను.
"నాలుగు కాళ్ళూ ఒక్కసారే చాచి
ఏ గుర్రమూ పరిగెత్తదు నాన్నా.
పొద్దుటి నుంచీ కంచె మీద కూర్చుని చూశాను."
"గుర్రం పరిగెత్తదమ్మా.
డబ్బిచ్చేవాడి గుర్రం పరిగెత్తుతుంది."
కుంచె కడుక్కున్నాడు.
ఆమె ఆకాశం వైపు తిరిగింది, అంటే బొమ్మలో.

ఆ అక్టోబరు పందెంలో
మార్ష్ లాంతర్ అనే ఎర్ర ఆడగుర్రానికి
గెలుపు గుంజ ఇరవై గజాలుందనగా ముందుకాలు విరిగింది.
నలుగురు గుడ్డతెర పట్టుకున్నారు.
తుపాకీ ఒక్కసారే పేలింది.
టోపీలు తీసినవాళ్ళు తీశారు,
చీటీలు చింపినవాళ్ళు చింపారు.
తెర చుట్టేశాక చూస్తే
టాబితా పావడా అంచుకి మట్టి.

మర్నాడే యజమాని కబురు.
గుర్రం గెలుస్తున్నట్టు ఉండాలి,
అయిదడుగుల వెడల్పు, భోజనాల గదికి.

క్రిస్మస్ దాటాక బొమ్మ నా బల్ల మీదికొచ్చింది,
ఇంకా నూనె వాసన వీడలేదు.
మార్ష్ లాంతర్ నాలుగు కాళ్ళూ చాచి గాల్లో ఈదుతోంది.
కింద గడ్డి, మోకాళ్ళెత్తు గడ్డి,
గాలికి ఒక్క వైపే ఒరిగిన గడ్డి.
ఆ ఇంటి బొమ్మలో మొట్టమొదటిసారి
గిట్టలు కనబడలేదు.

బొమ్మని బోర్లా తిప్పాను.
వెనక దన్నుకి పెట్టిన అట్ట మీద బొగ్గు గీతలు.
పడుకుని ఉన్న గుర్రం.
తెరకి లోపలి వైపు నుంచి గీసింది.
మెడ కింద ఒక మోకాలు, జాకీ కుర్రాడిది.
నాలుగు గిట్టలూ ఉన్నాయి.
ప్రతి గిట్టకీ లాడం, ప్రతి లాడానికీ మేకులు:
ఏడు, ఏడు, ఏడు,
విరిగిన కాలికి ఆరు.

ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది.
గోళ్ళ కింద ఆకుపచ్చ రంగు.
"ఇది కూడా లోపలేనా?" అడిగాను.
"లోపలే, మిస్టర్ పెక్. బాగా బిగించండి."

నాకు చిన్నప్పటి నుంచీ లెక్కల పిచ్చి.
మూడు వైపులా ఏడేసి మేకులు కొట్టాను.
నాలుగో వైపు ఆరు దగ్గర సుత్తి దించేశాను.

డబ్బు సక్రమంగానే ముట్టింది.
బొమ్మ ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది.
వేయించిన మాంసం ఆవిర్లలో, గ్లాసుల గలగలల్లో
ఏటేటా గెలుస్తూనే ఉంది.
చలికాలం తేమకి ఒక మూల టకటకమంటోందని
ఆ ఇంటి వంటమనిషి కబురు పెడుతుంది.
వెళ్తాను. నిచ్చెనెక్కుతాను.
బొటనవేలితో ఆ మూల కాసేపు అదిమిపట్టి,
చల్లగా ఉంటుంది చెక్క,
దిగొచ్చేస్తాను.
మేకు జేబులోనే ఉంటుంది.