తువ్వాలు కింద బేరం

చిత్తూరు మిషను బడి మేడ మీద
మా పియానోకి ఒక మెట్టు పలకదు.
లోపల ఎలుకలు కొరికేసినాయి.
అది చూసే దొరసామి అన్నాడు:
"మాకు మాట దొరకనప్పుడు ఆ మెట్టు నొక్కు టీచరమ్మా."

కాగితం లేదు, కథ లేదు.
చప్పుడు టేపులోకి ఎక్కుతుందని ఫ్యాను ఆపేస్తిమి.
మే నెల. పీరూ సాబు బనీను పిండితే
చెంబెడు నీళ్ళు.
"ఏం జెప్పబోతారు?" అంటి.
"జెప్పినాక మాకూ తెలుస్తాది" అనిరి.

మొదటి వైపు బాగనే పోయింది.
రేణిగుంటలో రైలు తప్పినోడు
స్టేషను మాస్టరు బల్ల పట్టుకోని
"ఒక్క కేకెయ్యి సార్, వెనక్కొస్తాది" అనడం;
పెండ్లిలో మైకుసెట్టోడు
మంత్రానికీ మంత్రానికీ నడుమ "చెక్, చెక్" అనడం.
నేను వాళ్ళెనక పరిగెత్తినా.
ముప్పై ఏండ్లు కీర్తనలు వాయించి
ఆమెన్ కాడ ఆగడం మరిగిన వేళ్ళు
ఆ పొద్దు యాడ ఆగాలో తెలీక
తెల్ల మెట్ల మీద జారి, పడి, లేచినాయి.

రెండో వైపు. మామిడికాయల మండీ.
పీరూ దలారి, దొరసామి రైతు.
చెయ్యీ చెయ్యీ పట్టుకోని
పైన తువ్వాలు కప్పిరి.
మండీలో ధర వేళ్ళతోనే కదా!
టేపు తిరగతా ఉంది. ఇద్దరూ మూగోళ్ళు.
ఇది క్యాసెట్టని మర్చేపోయినారు మహానుభావులు.

ఇంకేం జేసేది?
నేనే బేరమాడినా.
కింది మెట్ల మీద దలారి గొణుగుడు,
పై మెట్ల మీద రైతు మొండితనం,
టన్నుకింత, కాదు ఇంత,
నీ తోతాపురి పులుపు,
పులుపు నీ నాలికది.
కడాన ఆ పలకని మెట్టు నొక్కితే
టక్కుమని వట్టి కట్టె చప్పుడు.
అప్పుడన్నాడు దొరసామి, "సరే."

ఆ ఒక్క మాట కోసరమే
బస్టాండు అంగట్లో క్యాసెట్లన్నీ అయిపోయెనంట.

పీరూ పోయి మూడేండ్లు.
మొన్న సంతలో దొరసామి కనిపిస్తే అడిగినా,
"ఇంతకీ ఆ పొద్దు ఎంతకి తెగింది?"
తువ్వాలు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చినాడు.
"ధర యాడిది టీచరమ్మా!
వాడు నా అరచేతిలో గిలిగింత పెడతా ఉండె.
నవ్వితే టేపు పాడైపోతాదని
సరే అంటి."

బస్సు వచ్చింది. ఎక్కినాడు.
ఎడమచేత్తోనే కడ్డీ పట్టుకున్నాడు.
కుడిచెయ్యి పిడికిలి
ఇంకా ఇప్పలేదు.