నీలం రంపపుపొట్టు

మొదట స్ప్రూస్ పలకలు వేశాను.
ఐదు వానాకాలాలకి
(ఈ అఖాతం ఒడ్డున వానకి కాలమేమిటి,
ఐదు పొగమంచులనుకోండి)
మూల మేకు దగ్గర వేలు పెడితే
నానిన రొట్టెలోకి దిగినట్టు దిగింది.
బీట్‌రూట్ మడి ఒక పక్కకి ఒరిగి
దారిలోకి మట్టి కక్కుకుంది.

తరవాత లార్చ్.
మా తాత పడవలకి ఇదే వాడేవాడని
రోషె ఒట్టేసి మరీ అమ్మాడు.
పడవ కింద ఉప్పునీళ్ళు, మడిలో మంచినీళ్ళు.
ఉప్పు నిలబెడుతుంది, మంచి కుళ్ళబెడుతుంది.
ఈ మాట నాది కాదు, ఆ చెక్కదే,
తొమ్మిదో ఏట నల్లచీమలు కాపురం పెట్టాక చెప్పింది.

దేవదారు ధర విని ఫోన్ పెట్టేశాను.
రైలు పట్టాల కింది పాత దుంగలు
ఊరికే ఇస్తానన్నాడు ఎల్ఫేజ్.
ఎండకి తారు చెమటలు కక్కే దుంగ పక్కన
నా క్యారెట్లు పడుకోవడం నాకిష్టం లేదు.

ప్లాస్టిక్ చెక్క ఉందా అని అడిగితే
ఒక కొట్లో బోలుగా ఉన్నది చూపించారు,
తడితే డబ్బాలా మోగింది.
ఇంకో కొట్లో సగం ప్లాస్టిక్, సగం చెక్కపొడి.
అయితే సగం కుళ్ళుతుందా అన్నాను.
కొట్టువాడు ఆలోచనలో పడ్డాడు.

చివరికి యార్‌మత్ రేవు వెనక, రేకుల షెడ్డులో దొరికింది.
బూడిదరంగు, శవమంత బరువు,
ఒంటినిండా నీలం, నారింజ చుక్కలు.
ఏమిటివి అంటే
పాల క్యాన్లు, చేపల పెట్టెలు,
తెగిన వలలు, తాళ్ళు, అన్నీ కరిగించి పోస్తామన్నాడు కుర్రాడు.

ముప్పై ఏడేళ్ళు వలలు బాగుచేసినదాన్ని.
నీలం తాడు ఏ సంవత్సరం వచ్చిందో,
నారింజ ఎందుకు మానేశారో నాకు తెలుసు.
కత్తిరించిన ముక్కల్ని
సాయంత్రం రేవు అంచు నుంచి కాలితో తోసేదాన్ని.
అందరం తోసేవాళ్ళం.
అవి పోవని తెలుసు. కనబడవని తెలుసు.
రెండోది చాలనిపించేది.

యాభై ఏళ్ళ గ్యారంటీ, సంతకం పెట్టండి అన్నాడు.
నాకిప్పుడు అరవై ఎనిమిది,
నూట పద్దెనిమిదో ఏట ఫిర్యాదు పట్టుకొస్తానన్నాను.
వాడు నవ్వలేదు. తేదీ వేసుకున్నాడు.
చలికి ముడుచుకుంటుంది, ఎండకి సాగుతుంది,
కొసల మధ్య వేలి సందు వదలండి,
రెండడుగులకో గూటం కొట్టండి, లేకపోతే
మట్టి బరువుకి పొట్ట ఉబ్బుతుంది అన్నాడు.
ఈ చివరిది నాకు బాగా అర్థమైంది.

కోసేటప్పుడు కింద పాత దుప్పటి పరిచాను.
చెక్కపొట్టైతే మట్టికి వదిలేదాన్ని.
ఇది నీలంగా, మంచులా రాలి
అఖాతం గాలికి లేచి బీట్‌రూట్ ఆకుల మీద కూర్చుంది.
వేలు తడిచేసుకుని
ఒక్కో రవ్వే అద్ది తీశాను,
పొద్దుగుంకేదాకా, మోకాళ్ళ మీద.
ఎల్ఫేజ్ కంచె మీంచి చూసి
ఏం పోగొట్టుకున్నావు ఒడెట్ అన్నాడు.

ఇక మడి నింపాలి.
సముద్రపు నాచు, పీతల డిప్పలు, బంగాళాదుంప తొక్కలు,
పాత మడిలోంచి తవ్వి తీసిన స్ప్రూస్ కూడా,
చేత్తో నలిపితే నలిగింది.
ఇందులో పడ్డవన్నీ కుళ్ళాలి, అందుకే కదా మడి.
గోడ ఒక్కటే కుళ్ళకూడదు.
ఒక వానపాము వచ్చి పలకని తాకింది,
కాసేపు ఆగి, ఎదురు ప్రశ్న వెయ్యకుండా తిరిగిపోయింది.

మట్టి పొయ్యకముందు
మేకు కాల్చి లోపలి వైపు నాలుగు మాటలు గీశాను,
ఎప్పుడో ఎవరో తవ్వి తీస్తారు కదా అని:
ఇటు ఉత్తరం. నీడ పడుతుంది.
ఉల్లి వెయ్యకండి.

నాలుగో మూల ఇంకా బిగించలేదు.
రేపు పొగమంచు విడితే.