ఇరవై మూడు కిలోలు

కాంటా మీది తౌడు దుమ్ము కొంగుతోని తుడిచి
పెట్టెను పండబెట్టిన.
మిర్యాలగూడ, సాగర్ రోడ్డు మిల్లు,
పొద్దుగాల ఆరు. బాయిలర్ ఇంకా అంటుకోలే.
లింగస్వామి అప్పటికే ఒంటిచేత్తోని లేపి చూసి
“ఇరవై ఆరు” అన్నడు.
ముల్లు వణికి వణికి
ఇరవై ఆరు దాటి రెండు గీతల కాడ ఆగింది.
“బస్తాల సగం లేదు మేడం, గీదానికి గింత లొల్లా?”

విమానమోళ్లు ఇరవై మూడే అన్నరు.

నిన్న రాత్రి జానిమియా
దుకాణం షట్టరు సగం దించి నేర్పిండు.
సైకిలు నడుం కాడ మడుస్తది, మెడ కాడ వంగుతది.
కుడి పెడలు అందరి లెక్కనే ఊడుతది,
ఎడమది ఉల్టా.
మర్చిపోతనని ఎడమదానికి
నా గోళ్ల రంగుతోని చుక్క పెట్టిండు.
గాలి సగమే తియ్యాలె, మొత్తం తీస్తే రిమ్ము నలుగుతది.
గొలుసుకు పాత టవలు.
పుల్లల సందుల్ల నా బట్టలు కుక్కుకుంట
“బట్టలకు వేరే జాగ లేదమ్మా,
బట్టలే దూది” అన్నడు.

ఇప్పుడు మూడు కిలోలు ఎవరియి తియ్యాలె,
దానియా, నాయా?

ఫోను చేస్తే జానిమియా నిద్రగొంతుతోని
“స్టాండు ఊడగొట్టు,
ఒరిగించనీకి గోడలు ఆడ గూడ ఉంటయి.”
బూట్లు తీసి కాళ్లకు తొడుక్కున్న.
పంపు భుజం సంచిలకు పోయింది.
“తాళమెందుకు? రాత్రి మడుచుకొని
మంచం పక్కల పండబెట్టుకో.”
చింతకాయ తొక్కు సీసా బయటికొచ్చింది,
లోపలికి పోయింది,
మల్ల బయటికొచ్చింది.
లింగస్వామి సద్దిగిన్నె దిక్కు చూసిండు.
ఏమనలే. ఇచ్చేసిన.

ముల్లు ఇరవై మూడు మీద నిలబడ్డది.

వియత్నాం పోతున్ననంటే ఆఫీసుల నవ్విన్రు,
వరి చూడనీకి మల్లొక వరి దేశమా అని.
ఇరవై రెండేండ్లు నేను వరిని
బస్తాలల్ల, తేమ శాతాలల్ల, నూకల కోతలల్ల చూసిన.
గట్టు మీద నుంచి చూడలే.
మనూరి గట్ల మీద
ఒక ఆడామె ఊకెనే సైకిలు తొక్కుకుంట పోతే
ఏం పని మీద పోతున్నవని ఎన్నిమార్లు అడుగుతరో
లెక్క రాసేదాన్ని, నాకు ఎరుకే.

జిప్పు పెట్టినంక లింగస్వామి అడిగిండు:
“దిగినంక సైకిలెక్కి పోతవ్ సరే,
గీ పెట్టెనేం జేస్తవ్?”

నిజమే.
పెడల్లు, గాలి, గ్రాములు, అన్నీ అనుకున్న.
ఇది అనుకోలే.
ఈడ నుంచి పెట్టె దాన్ని మోస్తది,
ఆడ అది పెట్టెను గుంజాలె.

లింగస్వామి సంచులు కుట్టే కాడికి పోయి
చేతికి పది చుట్లు సుతిలి చుట్టి తెంపుకొచ్చిండు,
పక్కజేబుల కుక్కిండు.
“గట్టిది. బస్తా ఆపుతది.”

కాంటా దిక్కు
మల్ల చూడలే.