బొజ్జరాయి

శంకరం కొండ మీద
ఎనిమిదేళ్ళ చేత్తో నేను విసిరిన రాయి
ఇంకా కింద పడలేదు.

కనుమ నాడు ఊరంతా ఎక్కేవాళ్ళం.
పొట్ట ముందుకు పెట్టుకుని కూచున్న ఆ రాతిబొమ్మ
రాక్షసుడని మా నూకాలప్ప చెప్పింది.
"కొట్టరా గుంటడా, పీడ పోద్ది."
కొట్టాను.
రాతికి రాయి తగిలిన చప్పుడు కాదది,
లోపలెవరో "ఊఁ" అన్నట్టుంది.

ఇప్పుడు తొట్లకొండకి రాత్రి కాపలా నేనే.
టార్చీ, కర్ర, ఫ్లాస్కులో టీ.
దిగువన భీమిలి రోడ్డు, రోడ్డుకి అవతల
నిద్ర పట్టని సముద్రం.
వానాకాలం రాతితొట్లు నిండితే
కప్పలు వల్లె వేస్తాయి,
భిక్షువులు ఆపేసిన చోటు నుంచే అనుకుంటా.

పగటి డ్యూటీ పడితే ఒకటే ప్రశ్న:
"బుద్ధుడేడీ?"
ఇటుకల గుండ్రాలు చూపిస్తాను.
ఇక్కడున్నోళ్ళు ఆయన మొహం చెక్కలేదండీ,
పాదాలు చెక్కారు, గొడుగు నిలబెట్టారు,
మిగతాది మీరే అనుకోవాలి.
మొహం లేకపోతే సెల్ఫీ ఎవరితో?
బస్సు మళ్ళీ కైలాసగిరికి పోతుంది.

ఒక మే నెలలో
ఓడ రిపేరుకొచ్చి షిప్‌యార్డులో ఇరుక్కున్న
బర్మా నావికుడొకడు వచ్చాడు, థాన్ విన్ అని.
గేటు దగ్గరే చెప్పులు విప్పేశాడు.
కాళ్ళు కాల్తాయయ్యా అంటే నవ్వాడు.
ఫోను తీసి తన దేవుణ్ణి చూపించాడు,
భక్తులు బంగారు రేకులు అంటించీ అంటించీ
ఒళ్ళంతా ఉబ్బిపోయినవాణ్ణి.
వేలితో జరుపుతూ పోయాడు.
గాంధారంలో మీసం, గ్రీకు దర్జీ కుట్టినట్టు మడతలు.
సింహళంలో చెయ్యి తలకింద పెట్టుకుని పడక.
సయాంలో తల మీద మంట,
అయినా అడుగు మాత్రం నీళ్ళ మీద నడిచినంత మెత్తన.
జావాలో చిల్లుల రాతిగంటలో దాక్కున్నాడు.
జపానులో గుడిని ఉప్పెన ఎత్తుకుపోతే
ఆరుబయటే ఉండిపోయాడు కంచుస్వామి,
హుద్‌హుద్ తర్వాత మా వీధివాళ్ళలాగ.

ఇన్ని మొహాలు.
ఎవరి ఊళ్ళో వాళ్ళ ముక్కు, వాళ్ళ కనురెప్ప.

"ఇక్కడ?" అన్నాడు.
స్తూపం ముందు ఖాళీ చోటు చూపించాను.
చాలాసేపు చూశాడు.
మోకాళ్ళ మీద కూలబడి, నుదురు ఆనించి
ఆ ఖాళీకే మొక్కాడు.
ఫోటో తియ్యలేదు.

మా కోడలు పూర్ణా మార్కెట్లో
రెండువందల యాభైకి కొనుక్కొచ్చింది
నవ్వే బొజ్జబొమ్మ ఒకటి. అడుగున చైనా అని ఉంది.
పొట్ట రుద్దితే డబ్బొస్తుందట.
ఎక్కడి బొజ్జ, ఎన్ని రేవులు తిరిగి,
ఎవరి దగ్గర ఆ నవ్వు నేర్చుకుని
కంటైనర్లో మా ఇంటికొచ్చిందో!

ఆయన బుద్ధుడు కాదట, సంచీ మోసే సన్యాసట.
తవ్వకాల మేడమ్ చెప్పింది.
శంకరంలోదీ కాకపోవచ్చంది.
కాకపోవచ్చు.
విసిరిన చెయ్యి మాత్రం నాదే.

నిన్న అందరూ నిద్రపోయాక
టీవీ మీంచి ఆ బొమ్మని దించాను.
పొట్ట మీద చెయ్యి వేశాను.
డబ్బు కోసం కాదు.
దెబ్బ ఎక్కడ తగిలిందో తడిమి చూద్దామని.