ఏ చేతితో

డండీలో, ఆసుపత్రి మూడో అంతస్తులో, గురువారం శిక్షణ.
బయట మంచువాన. ప్లేట్లో బిస్కెట్లు మెత్తబడ్డాయి.
ఇష్బెల్ టేపు చుట్ట తీసి
నా కుడిచేతిని కుర్చీకి అతికించింది.
పొద్దున నేర్పిన అక్షరాలతో
ఇప్పుడు నీ పేరు చెప్పు, అంది.

అందరూ నవ్వారు.

నాకు పదకొండో మంచం గుర్తొచ్చింది.
గెడ్డెస్, పడవలు కట్టిన ముసలాయన.
సెలైన్ సూది కుడిచేతికే పెట్టాను,
నరం ఒక్కసారికే దొరికిందని మురిసిపోయాను కూడా.
కదపకుండా పట్టీ వేశాను.
రాత్రంతా ఆ పట్టీ కింద వేళ్ళు
దుప్పటి మీద ఒకే గీత గీశాయి.
"అస్థిమితం" అని ఛార్టులో రాశాను,
గుండ్రటి అక్షరాలతో.

టీ వేళ ఆ గీతని
ఇష్బెల్‌కి గీసి చూపించాను.
మళ్ళీ, అంది. మళ్ళీ చూపించాను.
ఆమె చేతులు కదిలాయి,
పక్కనున్న దుబాసీ గొంతు తగ్గించి పలికాడు:
"సగం మాటే ఇది.
నీళ్ళు కావచ్చు. ఎవరి పేరో కావచ్చు."

టేపుతోపాటు వెంట్రుకలూ ఊడొచ్చాయి.

ఇప్పుడు సూది విప్పకముందే
కళ్ళెదుట నిలబడి అడుగుతాను,
మీరు ఏ చేతితో మాట్లాడతారని.
రెండో చెయ్యి చాపుతారు.
అందులో నరం ఓ పట్టాన దొరకదు.
వెతుకుతాను.